ఎవరూ విత్తని పువ్వు తంగేడు

తంగేడు బీడు భూముల మొక్క. నాగలి పడని గుట్ట వాలు, రాళ్లు తేలిన ఎర్రచెలక, చెరువు కట్ట వెనక దిబ్బ, రైలు పట్టాల అంచు, ఊరి బయటి పోరంబోకు దాని ఇళ్లు. దానికి విత్తనం చల్లేవారు లేరు, నీళ్లు కట్టేవారు లేరు, కంచె వేసేవారు అసలే లేరు. అయినా వానాకాలం వెనకబడే వేళకు కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి పోయే తోవ పక్కన గట్లమీదా గుట్టలమీదా పసుపు రాసినట్టు పూసి కనిపిస్తుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పం ఇదే.

ఇది బహువార్షిక మొక్క. ఏటా మొలిచి, పూసి, చచ్చిపోయే గునుగు లాంటిది కాదు. హిమాలయాల ఎత్తైన పచ్చిక నేలల్లో కూడా పసుపు పూల బహువార్షికాలు ఉన్నాయి. మంచు పడగానే వాటి పైభాగం ఎండిపోతుంది. అవి వేళ్లతో బతికి, మంచు కరిగాక మళ్లీ చిగురిస్తాయి. తంగేడు దారి వేరు. దాని శత్రువు మంచు కాదు, ఎండ. గట్టి కర్రతో పొదలా పెరిగి, వేరును రాతి సందుల్లోకి లోతుగా దింపుకుని, వేసవిని నిలబడే దాటుతుంది. సాధారణంగా మనిషి నడుము ఎత్తు నుంచి తల దాటేంత వరకు పెరుగుతుంది. మొదలంటా నరికినా మోడు నుంచి మళ్లీ కొమ్మలు వేస్తుంది. ఈ ఒక్క గుణమే వందల ఏళ్లుగా మనుషులు దాన్ని ఎంత వాడుకున్నా అది తుడిచిపెట్టుకు పోకుండా కాపాడింది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం దానికి సరిగ్గా సరిపోయిన నేల. దక్కన్ పీఠభూమి గ్రానైటు రాయి మీద ఎర్రమట్టి పల్చగా పరుచుకున్న చోటు అది. మధ్య మధ్య గుట్టలు, వాటి కింద చెరువులు. మంజీరకు ఉపనది అయిన ఆలేరు మీద 1922లో పూర్తయిన పోచారం ప్రాజెక్టు కాలువ కింద ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మండలాల్లో వరి పండుతుంది. కాలువ నీరు ఎక్కని మెరక మాత్రం చెలకగానో బీడుగానో మిగిలింది. అక్కడే తంగేడు, దాని పక్కన సీతాఫలం, రేగు, తునికి, మోదుగ. నీళ్లున్న చోట వరి, లేని చోట తంగేడు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో చూస్తే ఆ ఊరి సాగునీటి కథ సగం తెలిసిపోతుంది.

మొక్కను గుర్తుపట్టడం కష్టం కాదు కానీ, పసుపు పూలున్న దాని చుట్టాలు చాలా ఉన్నందువల్ల కొంచెం చూపు కావాలి. ఆకు చింతాకులా రెండు వైపులా చిన్న చిన్న రెబ్బలతో ఉంటుంది. ఎనిమిది నుంచి పన్నెండు జతల రెబ్బలు, చివర ఒంటి రెబ్బ ఉండదు. ప్రతి జతలో రెండు రెబ్బల మధ్య ఈనె మీద నిలువుగా ఒక సన్నని గ్రంథి కనిపిస్తుంది. అసలు గుర్తు ఆకు మొదట్లో ఉంది. అక్కడ చెవి ఆకారంలో వెడల్పాటి రెండు పత్రపుచ్ఛాలు కాండాన్ని పట్టుకుని ఉంటాయి, రాలిపోవు. మొక్క శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటాలో రెండో మాటకు అర్థం చెవులు గలది అనే. దారి పక్క కలుపులా మొలిచే కసివిందకు ఈ చెవులు ఉండవు. వేసవిలో గుత్తులు గుత్తులుగా వేలాడే రేల పూలది చెట్టు, పొద కాదు. మలబద్ధకానికి వాడే సునాముఖిని నేలతంగేడు అంటారు, అది వేరే మొక్క. రోడ్ల పక్కన నీడకు పెంచే సీమతంగేడు ఇంకొకటి. పేరు ఒకటే అయినా ఒకదాని బదులు ఇంకొకటి మందుగా వాడితే చేటు.

లాటిన్ పేరు వెనక తెలుగు నేల కథ కూడా ఉంది. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ దీనికి కాసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టాడు. దాన్ని సెన్నా ప్రజాతిలోకి మార్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి, 1793లో కలకత్తా తోటకు వెళ్లే ముందు సామర్లకోటలో పన్నెండేళ్ల దాకా ఉండి తోట పెంచినవాడాయన. మొక్కలకు తెలుగు పేర్లు అడిగి తన పుస్తకాల్లో రాసుకున్నాడు. ఆయన పెట్టిన పేరు ఉన్న ఫ్లోరా ఇండికా ఆయన పోయాక 1832లో వెలువడింది. తర్వాత చాలాకాలం కాసియా అనే పాత పేరే చలామణీలో ఉండి, 1982లో ఇర్విన్, బార్న్‌బీ అనే శాస్త్రవేత్తలు ఆ పెద్ద ప్రజాతిని విడదీశాక సెన్నా పేరు స్థిరపడింది. పాత మందుల పుస్తకాల్లో కాసియా అని, కొత్త పుస్తకాల్లో సెన్నా అని కనిపించేది ఒకే తంగేడు.

తంగేడు చిక్కుడు కుటుంబానికి చెందింది. పల్చగా, చదునుగా, ఎండితే గోధుమ రంగు కాగితంలా గలగలలాడే కాయలే అందుకు సాక్ష్యం. ఒక్కో కాయలో పన్నెండు నుంచి ఇరవై దాకా గింజలుంటాయి. అయితే కంది, పెసర, జనుములా దీని వేళ్లకు బుడిపెలు ఉండవు. సెన్నా మొక్కలు సూక్ష్మజీవులతో పొత్తు పెట్టుకుని గాలిలోని నత్రజనిని నేలలో నిలపవు. ఆ సాయం లేకుండానే బక్కనేలలో బతకడం దీని గట్టితనం. అయినా రైతు దీన్ని ఎరువుగానే చూశాడు. తంగేడు కొమ్మలు నరికి తెచ్చి, వరి మడిలో తొక్కి కుళ్లబెట్టడం దక్షిణాదిన పాత పద్ధతి. చౌడు మళ్లకు ఇది మంచిదని పేరు. గుట్టమీది సత్తువను మడిలోకి దించడమే ఆ పని. యూరియా బస్తా వచ్చాక మడికి తంగేడు మోత ఆగిపోయింది.

ఇక పువ్వు. దూరం నుంచి పసుపు ముద్దలా కనిపించే గుత్తిలో ఒక్క పువ్వును తెంపి దగ్గరగా చూస్తే దాని పనితనం తెలుస్తుంది. ఐదు రేకులు, వాటి మీద ముడతలు, సన్నని ఈనెలు. లోపల పది కేసరాలు, కానీ పదీ ఒక్కలా ఉండవు. పైన ఉన్న మూడు గొడ్డువి, వాటిలో పుప్పొడి ఉండదు. మిగిలినవాటిలో కొన్ని పొట్టివి, కింది వైపువి పొడుగ్గా కొక్కెంలా వంగినవి. ఈ పువ్వులో తేనె లేదు. పురుగులకు దొరికే కూలి పుప్పొడి ఒక్కటే. ఆ పుప్పొడి కూడా చేతికి అందదు. చాలా పూలలో పుప్పొడి తిత్తి నిలువునా చీలుతుంది. తంగేడులో మాత్రం తిత్తి కొసన చిన్న రంధ్రమే ఉంటుంది. బోర్లించి కుదిపితే తప్ప పిండి రాలని సన్నమూతి బుడ్డి లాంటిది అది.

ఆ కుదుపు ఇచ్చేది నల్ల తుమ్మెద. ఎండుకర్రకు బెజ్జం చేసుకుని కాపురముండే పెద్ద తుమ్మెద అది. పువ్వు మీద వాలి, కేసరాలను పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఒంటి కండరాలను అదరగొడుతుంది. అప్పుడు వచ్చే ఝుంకారం ఎగిరేటప్పటి చప్పుడు కంటే గట్టిగా, కొంచెం కీచుగా ఉంటుంది. ఆ అదురుకు రంధ్రం నుంచి పుప్పొడి చిమ్ముతుంది. పొట్టి కేసరాల్లోంచి వచ్చేది తుమ్మెద తన పిల్లల కోసం మూటగట్టుకుంటుంది. పొడుగు కేసరాల్లోంచి వచ్చేది తుమ్మెద తుడుచుకోలేని చోట ఒంటికి అంటుకుని ఇంకో పువ్వుకు చేరుతుంది. తేనెటీగకు ఈ అదరగొట్టే విద్య రాదు.

ఇంకో వింత కూడా ఉంది. పువ్వులో కీలం నిట్టనిలువుగా ఉండదు, ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. ఒకే మొక్క మీద కొన్ని పూలలో కుడికి, కొన్నింటిలో ఎడమకు వంగుతుంది. కుడి పువ్వు దగ్గర తుమ్మెద ఒంటికి ఒక పక్క అంటిన పుప్పొడి ఎడమ పువ్వు కీలానికి సరిగ్గా తగులుతుంది. అద్దంలో బొమ్మలా ఉండే ఈ రెండు రకాల పూల సంగతి మీద, తంగేడును తీసుకునే 1981లో అమెరికా వృక్షశాస్త్ర పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మన గట్ల మీద రోజూ జరిగేదాన్ని వేరే దేశం పత్రికలో చదవాల్సి రావడం కొత్తేమీ కాదు. బతుకమ్మకు పూలు తెంపేవారు ఒక్క గుత్తి చేతిలో పట్టుకుని చూసినా ఈ కుడి ఎడమల తేడా కళ్లకు కనిపిస్తుంది.

తంగేడు ఏడాదిలో ఎప్పుడైనా నాలుగు పూలు పూస్తూనే ఉంటుంది కానీ, వానల తర్వాతే విరగబూస్తుంది. ఆ కాలమే బతుకమ్మ కాలం. భాద్రపద అమావాస్య, అంటే పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మతో పండుగ ముగుస్తుంది. సిబ్బిలోనో తాంబాళంలోనో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు, గునుగు, బంతి, చామంతి, కట్ల పూలను వరుసలు వరుసలుగా గోపురంలా పేర్చి, మీద పసుపు గౌరమ్మను పెడతారు. ఇందులో బంతి, చామంతి తోటలో పెంచినవి. తంగేడు, గునుగు ఎవరూ పెంచనివి. గునుగు చేను కలుపు, తంగేడు బీటి పొద. గుళ్లో పూజకు పనికిరావని పక్కన పెట్టే పూలే ఇక్కడ దేవత రూపం. పూలతో దేవుణ్ణి కొలిచే పండుగలు చాలా ఉన్నాయి, పూలనే దేవతగా కొలిచే పండుగ ఇది.

పేర్పులో తంగేడు పని అందం ఒక్కటే కాదు. గునుగు కంకి తెల్లగా ఉంటుంది, దానికి రంగులు అద్దుకోవాలి. తంగేడు పసుపు మాత్రం దేవుడిచ్చినదే. గుత్తి విడివిడిగా కాకుండా కట్టగా కట్టి పెడితే వరుస నిలుస్తుంది. ఇబ్బంది ఏమిటంటే పువ్వు తొందరగా వాడుతుంది, రేకులు రాలతాయి. అందుకే పొద్దున్నే తెచ్చి, నీళ్లు చల్లి నీడలో పెట్టడం, మొగ్గలు ఎక్కువున్న గుత్తులు ఏరుకోవడం ఇళ్లలో అందరికీ తెలిసిన కిటుకులు. 2014లో తెలంగాణ ఏర్పడగానే బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. అదే ఏడు నవంబరులో తంగేడును రాష్ట్ర పుష్పంగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా, పాలపిట్టను రాష్ట్ర పక్షిగా, జింకను రాష్ట్ర జంతువుగా ప్రకటించారు. ఈ నాలుగింటిలో మూడు, జింక మినహా, దసరా పండుగ చుట్టూ తిరిగేవే.

తమిళులకూ ఇది పండుగ పువ్వే. వాళ్లు ఆవారం అంటారు. సంక్రాంతి ముందు రోజు కొంగునాడులో ఆవారం పూలు, వేపాకు, కొండపిండి పూలు కలిపి ఇంటి చూరుకు కట్టడం ఆచారం. ఇక్కడ తంగేడుకు తోడు తెల్లని గునుగు, అక్కడ తోడు తెల్లని కొండపిండి. గునుగు, కొండపిండి రెండూ తోటకూర కుటుంబానివే. ఆవారం పూసిన చోట చచ్చేవారు ఉండరని అర్థం వచ్చే సామెత కూడా తమిళంలో ఉంది. శ్రీలంకలో దీన్ని రణవర అంటారు, పూలను ఎండబెట్టి టీలా కాచుకుని తాగుతారు. ఉర్దూ, మరాఠీ మాట్లాడేవారు తర్వర్, తర్వడ్ అంటారు. మన దగ్గర ఈ పేరు ఊళ్లకూ ఎక్కింది. కామారెడ్డి జిల్లాకు పొరుగున సిరిసిల్ల పక్కన తంగళ్లపల్లి, పల్నాడులో కృష్ణ ఒడ్డున కోట ఉన్న తంగెడ అలాంటివే అనిపిస్తాయి.

పండుగ పువ్వుగా పేరు రాకముందు తంగేడుకు మార్కెట్లో విలువ తెచ్చింది పువ్వు కాదు, చెక్క. దాని బెరడులో తోలును పదును చేసే టానిన్ నూటికి పదిహేను పాళ్లకు పైగా ఉంటుంది. ఇంగ్లిషువాళ్లు దీన్ని తోలు పదునుపెట్టేవారి కాసియా అని పిలిచింది అందుకే. పచ్చితోలును సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు ఊడదీసి, కడిగి, దంచిన తంగేడు చెక్క వేసిన నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. టానిన్ తోలులోని మాంసకృత్తులను పట్టుకుని బిగిస్తుంది, ఆ తర్వాత తోలు కుళ్లదు, నీళ్లకు ఉబ్బదు. తంగేడుతో ఊరిన తోలు ఎండ తగిలితే ఎర్రబారుతుంది. ఆ ఎరుపు రాకుండా చివర్లో కరక్కాయ నీళ్లలో ముంచుతారు. ఊళ్లో తోలు ఊరబెట్టే లంద దగ్గర మాదిగలు తరతరాలుగా చేసిన పని ఇది. మోటబావిలో నీళ్లు తోడే తోలు తొండం, ఎడ్ల పట్టెడ, కాలి చెప్పు, డప్పు మీది తోలు అన్నీ ఆ చేతుల మీదుగా వచ్చినవే. నీళ్లు లేని చెలకకు మోట నీళ్లు అందించిన తోలు వెనక కూడా తంగేడు చెక్క ఉందన్నమాట. ఆ పని చేసినవారిని ఊరు అంటరానివారిగా దూరం పెట్టింది, వారు చేసిన వస్తువు లేకుండా మాత్రం ఒక్క రోజు గడవలేదు.

ఇదే పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్ద వ్యాపారమైంది. తంగేడు చెక్కతో సగం పదును చేసిన ఆవు తోళ్లను ఈస్టిండియా కిప్స్ అనే పేరుతో ఇంగ్లండుకు ఎగుమతి చేసేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైతోలుకు అవి వెళ్లాయి. డిమాండు పెరిగాక చెక్క చాలలేదు. దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే తుమ్మజాతి చెట్టు బెరడు ఓడల్లో దిగింది. అందులో టానిన్ ఎక్కువ, సరుకు ఒకే తీరున ఉంటుంది. మరోపక్క క్రోమియం లవణాలతో గంటల్లో పని ముగించే కొత్త పద్ధతి వచ్చింది. తంగేడు చెక్క బేరం అలా పడిపోయింది. క్రోమియం మురుగు భూగర్భజలాన్ని పాడుచేసిన ఊళ్లను చూశాక చెక్కతో తోలు పదును చేయడం మీద మళ్లీ ఆసక్తి కనబడుతోంది. అయినా పాత స్థాయికి తంగేడు తిరిగి రావడం జరిగే పని కాదు.

మందుగా తంగేడుకు ఉన్న పేరు పెద్దది, కొంత అతి కూడా. ఆయుర్వేదంలో దీని పేరు ఆవర్తకి. పూలు, ఆకు, గింజ, బెరడు, వేరు అన్నింటినీ వాడే పద్ధతులున్నాయి. పుల్లతో పళ్లు తోముతారు, ఎండిన పూల పొడిని సున్నిపిండిలో కలుపుతారు. అందరూ చెప్పేది మధుమేహం సంగతి. 2002లో తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయ పరిశోధకులు మధుమేహం కలిగించిన ఎలుకలకు తంగేడు పూల కషాయం ఇస్తే రక్తంలో చక్కెర తగ్గిందని ప్రకటించారు. ఎలుకల్లో తగ్గడం వేరు, మనిషి మాత్రలు మానేయడం వేరు. ఈ మొక్క ఉన్న మూలికల టీని మూర్ఛకు వాడే కార్బమజెపిన్‌తో కలిపి ఎలుకలకు ఇచ్చినప్పుడు రక్తంలో ఆ మందు పాళ్లు పెరిగినట్టు ఇంకో పరిశోధనలో తేలింది. రోజూ మాత్రలు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా తంగేడు పూల టీ మొదలుపెట్టకూడదు.

పశువులు తంగేడును ఇష్టపడి మేయవు. మేతకు పనికొచ్చేవన్నీ పోయిన గుట్ట మీద ఇదొక్కటే పచ్చగా నిలవడానికి కారణం అదే. కొన్ని పురుగులకు మాత్రం ఇదే తిండి. తెల్లటి, లేతాకుపచ్చ రెక్కల వలస సీతాకోకచిలుకలు తంగేడు జాతి మొక్కల లేతాకుల మీదే గుడ్లు పెడతాయి, గొంగళిపురుగులు ఆ ఆకు తినే పెరుగుతాయి. వర్షాకాలంలో గట్ల మీద గుంపులుగా ఎగిరే సీతాకోకచిలుకల్లో చాలా వాటికి ఈ బీళ్లే పుట్టిల్లు.

గొర్రె తినని, గొడ్డలికి లొంగని ఈ మొక్కను ఇప్పుడు తగ్గిస్తున్నవి ట్రాక్టరు, జేసీబీ, గడ్డిమందు. బోరు నీళ్లు వచ్చాక చెలకలు మళ్లయ్యాయి. గట్లు సన్నబడ్డాయి, మిగిలిన గట్టు మీద కలుపు మందు కొడుతున్నారు. 44వ నంబరు జాతీయ రహదారి వెంబడి కామారెడ్డి చుట్టూ బీడు అన్న మాటకే అర్థం మారి ప్లాటు అయింది. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా కేంద్రమయ్యాక ఆ మార్పు వేగం పెరిగింది. మోడు నుంచి చిగురించే మొక్క, మోడే పెకిలించి మొరం పోసిన చోట ఏం చిగురిస్తుంది? ఒకప్పుడు పెత్రమాస పొద్దున పిల్లలు ఊరవతలికి పోయి ఒళ్లో నింపుకుని తెచ్చిన పువ్వు ఇప్పుడు పట్నం సంతలో కట్టల లెక్కన అమ్మకానికి వస్తోంది. కొనుక్కోవడం తప్పు కాదు. దూరం గుట్టల నుంచి కొమ్మలకు కొమ్మలే విరిచి తెస్తే మాత్రం ఆ ఏడు అక్కడ కాయ నిలవదు, గింజ రాలదు.

తంగేడును పెంచడం మాత్రం సులువు. పూలు పోయాక చలికాలంలో కాయలు గోధుమ రంగుకు తిరుగుతాయి, అప్పుడు గింజలు సేకరించుకోవాలి. గింజ పైపొర గట్టిది, నీటిని లోపలికి రానివ్వదు. బాగా కాగిన నీళ్లు దించి, అందులో గింజలు వేసి, చల్లారేదాకా రాత్రంతా నానబెడితే మొలక బాగా వస్తుంది. తొలకరి పడ్డాక నేరుగా గట్టు మీదే విత్తుకోవడం మంచిది, లోతుకు పోయే వేరు కాబట్టి పెద్ద మొక్కను పెకిలించి నాటితే బతకడం కష్టం. నీళ్లు నిలిచే చోటు పనికిరాదు, నీడ అసలే పనికిరాదు. బడి ప్రహరీ వెంట, చెరువు కట్ట వెనక వాలు మీద, శ్మశానం హద్దున, పొలం గట్టు చివర నాలుగు గింజలు వేసి మొదటి ఏడు మాత్రం గడ్డిమందు తగలకుండా చూస్తే చాలు. పూలు తెంపేవారు గుత్తిని గోటితో గిల్లాలి, కొమ్మను విరవకూడదు. పొదకు నాలుగు గుత్తులు కాయలకు వదిలేయాలి.